పులి దూకిన గండికి ఏజెంట్ గంటే ఇచ్చాడు, రెండు రోజులు పెట్టడం దండగా?

బడ్జెట్_బాటసారి
దసరా సెలవులకి చైనాలో యునాన్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మ. అమ్మకి 61. బీపీ మాత్ర వేసుకుంటుంది, అది తప్ప ఏ బాధా లేదు. అక్టోబర్ 1న దిగి 8న తిరిగి రావాలి. కున్మింగ్, దాలీ, లిజియాంగ్.

ఏజెంట్ పంపిన కాగితంలో ఐదో రోజు మంచుకొండ కేబుల్ కార్. ఆరో రోజు ఇలా ఉంది: "ఉదయం లిజియాంగ్ పాత ఊరు, షాపింగ్. మధ్యాహ్నం టైగర్ లీపింగ్ గార్జ్, 1 గంట." గంటలో ఏం చూస్తామండీ అంటే "పులి బొమ్మ ఉంటుంది సార్, ఫొటో దిగొచ్చు" అన్నాడు. నేను వీడియోల్లో చూసింది వేరు. కొండ నడుము మీద సన్నటి బాట, ఎక్కడో అడుగున నది, దారిలో ఓ రాత్రి బస. దానికి రెండు రోజులు కావాలంటున్నారు.

అడగాల్సినవి రెండే. ఆ నడక కోసం పాత ఊరిని కుదించేయొచ్చా? అమ్మ సంగతేంటి? (ఇంట్లో వదిలి వెళ్ళమని మాత్రం చెప్పకండి. చైనా వెళ్దామన్నదే ఆవిడ.)

సింగపూర్_సుబ్బు
అక్టోబర్ 1? టికెట్లు కొట్టేశారా?

బడ్జెట్_బాటసారి
ఇంకా లేదు. ఏమైంది?

సింగపూర్_సుబ్బు
బతికిపోయారు. అక్టోబర్ 1 వాళ్ళ జాతీయ దినం, వారం రోజులు దేశమంతా సెలవు. సంక్రాంతికి విజయవాడ రోడ్డులో టోల్‌గేట్ దగ్గర చూస్తాం కదా, ఆ జనాన్ని కార్లలోంచి దింపి రాళ్ళ సందుల్లో నడిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది లిజియాంగ్. 2019లో నేను సరిగ్గా అదే వారంలో వెళ్ళా. చిన్న రాతి వంతెన దాటడానికి ఇరవై నిమిషాలు. గది అద్దె మూడింతలు. మా పాప భుజాల మీద ఉంది కాబట్టి దానికి ఊరు కనిపించింది, నాకు ముందువాడి వీపు కనిపించింది.

ఎత్తులంటే_భయం
వీపు ఎలా ఉంది, చూడదగ్గదేనా?

సింగపూర్_సుబ్బు
దాని మీద నాలుగు భాషల్లో ఏదో రాసి ఉంది. అంతసేపు నిలబడితే చైనీస్ వచ్చేసేది.

దాలీ_డాక్టర్
దాలీలో ఎంబీబీఎస్ చదివాను, లిజియాంగ్‌కి రైల్లో రెండు గంటల లోపే. అయిదేళ్ళలో ఆ గండికి నాలుగు సార్లు వెళ్ళి ఉంటాను. సుబ్బు గారు చెప్పింది నిజం, తేదీలు మార్చుకోండి. అక్టోబర్ మూడో వారం తర్వాత ఆకాశం శుభ్రంగా ఉంటుంది, జనం పలచబడతారు.

అమ్మగారి సంగతి. కున్మింగ్ సుమారు 1,900 మీటర్లు, దాలీ రెండు వేలు, లిజియాంగ్ 2,400. ఈ వరసలోనే వెళ్తున్నారు కాబట్టి ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుంది. గండి బాటలో అన్నిటికంటే ఎత్తైన చోటు కూడా 2,700 లోపే. నాకు భయం వేసింది మీ ఐదో రోజు చూసి. ఆ కేబుల్ కార్ యూలాంగ్ మంచుకొండ మీద 4,506 మీటర్ల దగ్గర దింపుతుంది. పొద్దున హోటల్లో టిఫిన్ చేసిన మనిషిని రెండు మూడు గంటల్లో రెండు వేల మీటర్లు పైకి తీసుకుపోవడం అన్నమాట. కింద ఆక్సిజన్ డబ్బాలు అమ్ముతుంటారు, దాన్నిబట్టే అర్థం చేసుకోండి. బీపీ ఉన్నవాళ్ళని సొంత డాక్టర్ చూడకుండా అక్కడికి ఎక్కించకండి. అదే కొండ మీద 3,200 దగ్గర ఆగే చిన్న కేబుల్ కార్ ఇంకోటి ఉంది, సరిపోతుంది.

ఇక ఆ గంట గండి. బస్సు నదికి పైన రోడ్డు మీద ఆపుతుంది. మెట్లు దిగి, రెయిలింగ్ పట్టుకుని, నది బండని గుద్దుకోవడం చూసి, పైకి వస్తారు. బాగానే ఉంటుంది, నీళ్ళ హోరుకి పక్కన మనిషి మాట వినపడదు. కానీ మీరు వీడియోలో చూసింది అది కాదు. అది కొండకి సగం ఎత్తులో వెళ్ళే పాత కంచరగాడిదల దారి.

పెన్నా_తీరం
అందరూ చైనా, వియత్నాం అంటారు. ముందు మన గండికోట చూశారా? ఎర్రమల కొండల్ని పెన్న ఎలా కోసిందో చూడండి, కోట ఉంది, మాధవరాయ ఆలయం ఉంది, మసీదు ఉంది, ధాన్యాగారం ఉంది. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. వీసా అక్కర్లేదు.

బడ్జెట్_బాటసారి
మూడు సార్లు చూశాను అన్నా. మా అత్తగారిది ప్రొద్దుటూరు.

పెన్నా_తీరం
అయితే వెళ్ళొచ్చు. పర్మిషన్ ఇచ్చేశా.

లెక్కలమాస్టారు
పెన్నా_తీరం గారి వల్ల ఓ మంచి మాట దొరికింది. వీడియోల వాళ్ళందరూ దీన్ని 'పులి లోయ' అంటున్నారు. లోయ అంటే వెడల్పుగా, ఊళ్ళు, పొలాలు ఉండేది. నది కొండను తెంచుకుని ఇరుకులో పోయే చోటుకి మనకి గండి అనే మాట ఉండనే ఉంది. హూ అంటే పులి, తియావ్ అంటే దూకడం, షియా అంటే గండి. పులి దూకిన గండి, లెక్క సరిపోయింది.

అసలు లెక్కలు: నది పేరు జిన్షా, అంటే బంగారు ఇసుక. యాంగ్జీకి ఎగువ భాగం అదే. ఒక పక్క యూలాంగ్ 5,596 మీటర్లు, ఇంకో పక్క హాబా 5,396. కింద నది సుమారు 1,800 ఎత్తులో పోతుంది. అంటే నీటి నుంచి శిఖరానికి 3,700 మీటర్ల పైమాటే. గండికోట దగ్గర మనం వంగి చూసేది వంద మీటర్లు. తక్కువ చేయడం కాదు, వంద మీటర్లకే నాకు కాళ్ళు వణికాయి.

ఎత్తులంటే_భయం
ఇంతకీ పులి నిజంగా దూకిందా?

లెక్కలమాస్టారు
వేటగాడు తరిమితే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దూకిందని కథ. ఇరుకు చోట కూడా గండి పాతిక, ముప్పై మీటర్లు ఉంటుంది. ఏ పులీ అంత దూకలేదు. నది మధ్యలో పెద్ద బండ ఉంది, దాని మీద కాలు మోపి దూకిందని సర్దిచెబుతారు.

ఎత్తులంటే_భయం
అంటే రెండు ఇన్‌స్టాల్‌మెంట్లలో దూకింది.

మొగిలిపూలు
పాత ఊరి గురించి ఎవరూ నిజం చెప్పట్లేదు, నేను చెప్తా. మేము రెండేళ్ళ క్రితం మార్చిలో వెళ్ళాం. యునెస్కో, ఎనిమిది వందల ఏళ్ళ ఊరు, చెక్క ఇళ్ళు, కాలవలు అని చదివి చదివి వెళ్ళాను. రాత్రి ఏడింటికి బ్యాగులు లాక్కుంటూ దిగాం. మొదటి సందు: డోలు అమ్మే కొట్టు, ఓ అమ్మాయి పాట పెట్టి దానికి తగ్గట్టు వాయిస్తోంది. రెండో సందు: డోలు కొట్టు, అదే పాట. మూడో సందు: గులాబీ రేకుల బిస్కెట్ల కొట్టు, పక్కన డోలు కొట్టు, అదే పాట. మధ్య కాలవ పక్కనంతా బార్లు, ఒకడి మైకు మీద ఇంకొకడి మైకు. పెళ్ళిలో రెండు బ్యాండ్లు ఎదురుపడ్డట్టు.

చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ళ మీద లాగితే ఒక చక్రం ఊడింది. గెస్ట్‌హౌస్ ఎక్కడో మ్యాపులో ఒక చోట చూపిస్తుంది, అక్కడికి పోతే గోడ. అసలు ఆ ఊరి స్థానిక జాతి నాషీ వాళ్ళు చాలామంది ఇళ్ళు అద్దెకిచ్చి కొత్త టౌనుకి వెళ్ళిపోయారట. ఇళ్ళున్నాయి, ఇంటివాళ్ళు లేరు. దానికంటే గండిలో మూడో రోజు కూడా ఉండిపోయేదాన్ని.

దాలీ_డాక్టర్
మొగిలిపూలు గారు రాసిందాంట్లో అబద్ధం లేదు. కానీ రాత్రి ఏడింటికి దిగి ఊరిని తిట్టడమంటే సినిమా ఇంటర్వెల్‌లో వెళ్ళి క్యాంటీన్ చూసి రావడమే. పొద్దున వెళ్ళాలి. ఆరింటికల్లా బయటపడండి, కొట్లు తెరవవు, కాలవ చప్పుడు వినిపిస్తుంది.

ఆ ఊరి సంగతంతా నీళ్ళలో ఉంది. ఉత్తరాన బ్లాక్ డ్రాగన్ కొలను నుంచి ఊటనీరు వచ్చి మూడు పాయలై, అక్కణ్ణుంచి సందు సందుకీ పారుతుంది. మూడు కళ్ళ బావులని ఉంటాయి. బావి అంటే లోతుగా తవ్వింది కాదు, ఒకదాని కిందుగా ఒకటి మూడు రాతి తొట్లు. ఊట పడే మొదటిది తాగడానికి. అందులోంచి పొర్లింది రెండో దాంట్లోకి, అక్కడ కూరలు కడగాలి. ఆ తర్వాత మూడోది బట్టలకి. పోలీసు లేడు, బోర్డు లేదు, అయినా వరస తప్పేవాళ్ళు కాదు. ఊరికి దక్షిణం కొసన ఒక బావి దగ్గర ఓ ముసలావిడ రెండో తొట్లో ముల్లంగి కడుగుతుంటే నేను తెలియక అందులో చెయ్యి కడగబోయాను. నోటితో ఏమీ అనలేదు, నా మణికట్టు పట్టుకుని మూడో తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి వదిలింది.

నడిబొడ్డున చదరంగా సంత వీధి ఉంటుంది. పాతకాలంలో సంత అయిపోయాక పక్క కాలవకి తూము మూసేవాళ్ళు. నీళ్ళు పైకి పొంగి రాళ్ళ మీదుగా పారి చెత్తంతా కడుక్కుపోయేవి. మన ఊళ్ళలో చీపురు పట్టుకుని చేసే పనిని వాళ్ళు కాలవకి అప్పగించారు.

లెక్కలమాస్టారు
డాక్టర్ గారూ, అక్టోబర్ చివర్లో ఆరింటికి చీకటి. చైనా మొత్తానికి ఒకటే గడియారం, బీజింగ్ టైము. లిజియాంగ్ ఎంతో పడమరన ఉంది, అక్కడ సూర్యోదయం ఏడు దాటాకే. మీరు వెళ్ళింది ఎండాకాలం అయ్యుంటుంది.

దాలీ_డాక్టర్
నిజమే మాస్టారు, జూన్‌లో వెళ్ళాను. ఏడుంపావుకి బయల్దేరండి.

సింగపూర్_సుబ్బు
మొగిలిపూలు గారి కోపానికి ఇంకో మందు ఉంది. పాత ఊళ్ళోనే పడుకోవాలని రూలేమీ లేదు. షూహే, బైషా అని పక్కనే రెండు చిన్న ఊళ్ళు, అవి కూడా యునెస్కో జాబితాలో కలిసే ఉన్నాయి. బైషాలో వీధి చివర నిలబడితే ఎదురుగా మంచుకొండ. డోలు కొట్లు తక్కువ. ఉండవని మాత్రం హామీ ఇవ్వను.

లెక్కలమాస్టారు
పాత ఊరు 'నకిలీ' అనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 1996 ఫిబ్రవరి 3న అక్కడ పెద్ద భూకంపం వచ్చింది, తీవ్రత 7 దాకా. మూడు వందలమందికి పైగా పోయారు. కొత్త కట్టడాలు కూలినచోట పాత చెక్క ఇళ్ళ గోడలు రాలాయి గానీ చట్రాలు చాలావరకు నిలబడ్డాయి. మట్టిగోడ బరువు మోయదు, కొయ్య స్తంభాలు మోస్తాయి, కీళ్ళు కదులుతాయి, అందుకని. ఆ తర్వాత సిమెంటు కట్టడాలు తీసేసి పాత పద్ధతిలో కట్టుకుంటూ వచ్చారు. 1997లో యునెస్కో గుర్తింపు. కాబట్టి మీరు చూసిన కొన్ని గోడలు మీకంటే చిన్నవే, కట్టే విద్య మాత్రం పాతది.

ఊరికి కోటగోడ ఎందుకు లేదో చెప్పే కథ కూడా ఉంది. 1382లో మింగ్ చక్రవర్తి ఇక్కడి నాషీ దొరకి 'ము' అని ఇంటిపేరు ఇచ్చాడు. ము అంటే చెట్టు. చైనా లిపిలో ఆ అక్షరం చుట్టూ నాలుగు గీతల పెట్టె గీస్తే వేరే అక్షరం అవుతుంది, దాని అర్థం ఇరుక్కుపోవడం, కష్టాల్లో పడడం. అందుకే దొర గోడ కట్టించలేదంటారు.

పెన్నా_తీరం
వాస్తు అన్ని దేశాల్లోనూ ఉందన్నమాట.

మొగిలిపూలు
మాస్టారూ, గోడల వయసు సరే. నా సూట్‌కేసు చక్రం వయసు ఆరు నెలలు, దాని సంగతి ఎవరు చెప్తారు?

డాక్టర్ గారి మూడు తొట్ల బావి నేను చూడలేదు, ఒప్పుకుంటా. కానీ "పొద్దున వెళ్ళండి" అనడం సగం జవాబే. పొద్దున రెండు గంటలు బాగుండే ఊరికి రెండు పూర్తి రోజులు పెట్టమని ఏ ఏజెంటూ చెప్పకూడదు. ఒక పొద్దున పాత ఊరు, ఒక పూట బైషా, మిగతాది గండికి. ఇది నా తీర్పు.

సింగపూర్_సుబ్బు
దీనికి నా ఓటు కూడా.

వంకాయ_వేపుడు
శాకాహారులు ఏం తింటారు అక్కడ? మా నాన్నగారు కోడిగుడ్డు కూడా ముట్టరు.

దాలీ_డాక్టర్
"వో చీ సూ" అని నేర్చుకోండి, నేను శాకాహారం తింటాను అని. కానీ అంతటితో ఆగకండి. కూర శాకాహారమే ఉంటుంది, వేయించిన నూనె పందికొవ్వు కావచ్చు, పైన చల్లేది చికెన్ పొడి కావచ్చు. ఈ రెండూ వద్దని చైనీస్‌లో రాసిన చీటీ ఫోన్లో పెట్టుకుని వంటవాడికే చూపించాలి, వడ్డించేవాడికి కాదు.

యునాన్‌లో అదృష్టం ఏంటంటే మేకపాలతో పనీర్ లాంటిది చేస్తారు, పెనం మీద కాలుస్తారు. లిజియాంగ్‌లో అయితే శనగల జెల్లీ. నిజంగా శనగలే. రుబ్బి, ఉడికించి, గిన్నెలో పోసి ఆరబెడితే బూడిదరంగులో గట్టి ముద్ద వస్తుంది. దాన్ని పొడుగ్గా తరిగి చల్లగా కారం, వెనిగర్, ఉల్లికాడలతో ఇస్తారు. వేడిగా కావాలంటే పలకల్లా కోసి పెనం మీద అంచులు ఎర్రబడేదాకా కాలుస్తారు. వేడిదే అడగండి.

వంకాయ_వేపుడు
శనగలు చైనా దాకా వెళ్ళి జెల్లీ అయ్యాయా! ఇక్కడ బజ్జీలకే పరిమితం చేశాం పాపం.

ఒంటరి_ఒంటె
డబ్బుల సంగతి ఎవరూ చెప్పలేదు. క్యాష్ తీసుకెళ్తే చిల్లర ఉండదు, మన కార్డు గీకితే చిన్న కొట్లలో నడవదు. ఫోన్లో అలీపే (చైనా పేమెంట్ యాప్) పెట్టుకుని మన వీసా కార్డో మాస్టర్ కార్డో ఇండియాలో ఉండగానే లింక్ చేసుకోండి. అక్కడికెళ్ళాక ఓటీపీ రాక నేను ఎయిర్‌పోర్టులో కూలబడ్డా. గూగుల్ మ్యాప్ అక్కడ చుక్కని కొంచెం పక్కకి జరిపి చూపిస్తుంది, మొగిలిపూలు గారికి గోడ ఎదురైంది అందుకే అయ్యుంటుంది. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే వాట్సాప్, గూగుల్ నడుస్తాయి. హోటల్ వైఫై ఎక్కారంటే బంద్. గండిలో ఊళ్ళు దాటాక కొన్ని మలుపుల్లో సిగ్నల్ పోతుంది.

మొగిలిపూలు
ఇన్నాళ్ళకి న్యాయం దొరికింది. మా ఆయనకి ఈ పోస్టు చూపించాను. "మ్యాప్ చదవడం రాదు" అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

బడ్జెట్_బాటసారి
తేదీలు అక్టోబర్ చివరి వారానికి మార్చాను. 4,500 మీటర్ల కేబుల్ కార్ కొట్టేశా. ఇక గండి. నడక ఎంత కష్టం? అమ్మ రెండేళ్ళ క్రితం అలిపిరి మెట్లు నాలుగున్నర గంటల్లో ఎక్కింది.

లెక్కలమాస్టారు
పోలిక బాగుంది కానీ మోసపోకండి. అలిపిరి 3,550 మెట్లు, ఎక్కే ఎత్తు ఏడు వందల మీటర్ల దరిదాపు. ఇక్కడ చియావ్‌తౌ ఊరి నుంచి పై అంచుకి ఎనిమిది వందలు. అంకెలు దగ్గరే. కానీ అక్కడ మెట్టు మెట్టుకీ సమానం, పైన కప్పు, పక్కన మజ్జిగ, చుట్టూ గోవింద నామం. ఇక్కడ గులకరాళ్ళు, నెత్తిన ఎండ, ఒక పక్కన ఏమీ ఉండదు.

ఎత్తులంటే_భయం
"ఒక పక్కన ఏమీ ఉండదు" అన్న ముక్క దగ్గర చదవడం ఆపేశా.

దాలీ_డాక్టర్
మొదటి రోజు ఇలా ఉంటుంది. లిజియాంగ్ నుంచి పొద్దున బస్సు, రెండు గంటలు. గేటు దగ్గర టికెట్, నేను వెళ్ళినప్పుడు 45 యువాన్లు. రెండు గంటలు ఎక్కితే నాషీ ఫ్యామిలీ గెస్ట్‌హౌస్, అక్కడ భోంచేయండి. ఆ వెంటనే 28 మలుపులు. బాట అంతటికీ అసలు పరీక్ష అదే, గంట నుంచి రెండు గంటలు. అది ఎక్కేశారంటే తర్వాత టీ హార్స్, ఆపైన హాఫ్‌వే గెస్ట్‌హౌస్ దాకా దాదాపు కొండ వెంట అడ్డంగా పోవడమే. మొత్తం ఆరేడు గంటలు. రెండో రోజు హాఫ్‌వే నుంచి టీనా గెస్ట్‌హౌస్‌కి రెండు గంటలు, ముందు సమంగా, చివర దిగుడు. మధ్యలో ఓ జలపాతం బాట మీదే పడుతుంది, దాన్ని దాటాలి.

అమ్మగారికి నా సలహా: హాఫ్‌వే ఉన్న ఊరికి కింద నుంచి వ్యాన్ వెళ్తుంది. ఆవిడ్ని, సామాన్లని వ్యాన్‌లో పంపండి. మీరిద్దరూ నడిచి సాయంత్రానికి కలుసుకోండి. మర్నాడు ఆ రెండు గంటలూ ఆవిడ కూడా నడవొచ్చు. గండిలో అందమైన ముక్క కూడా అదే.

సింగపూర్_సుబ్బు
ఒక హెచ్చరిక. 28 మలుపుల దగ్గర కంచరగాడిదల వాళ్ళుంటారు. అడగరు, వెనకే వస్తారు.

ఒంటరి_ఒంటె
నదిలోకి దిగే నిచ్చెన దారుల్లో స్థానికులు మనిషికి పది, పదిహేను యువాన్లు వసూలు చేస్తారు. దీని మీద గొడవ పడేవాళ్ళని చూశాను. ఆ దారి వేసింది, రాళ్ళు పడితే తీసేది వాళ్ళే. ఇచ్చేయండి.

కొండగాలి
అందరూ బాగుందంటున్నారు, నాది వినండి. జులైలో వెళ్ళాం. మూడు రోజులుగా వాన. బుక్ చేసినవాడు "అంతా ఓపెన్ సార్" అన్నాడు, డబ్బు తీసుకున్నాడు. గేటు దగ్గరికి పోతే రాళ్ళు విరిగిపడ్డాయని పై బాట మూసేశారు. వెనక్కి పంపారు, డబ్బు రాలేదు. జులై, ఆగస్టుల్లో వెళ్ళకండి, వెళ్తే ముందు రోజు గెస్ట్‌హౌస్ వాళ్ళకే ఫోన్ చేసి అడగండి, ఏజెంట్‌ని కాదు. వానలో దొడ్డిదారిన ఎక్కిస్తామని ఎవరైనా అంటే వినొద్దు. పైనుంచి రాయి వస్తే పక్కకి తప్పుకోవడానికి ఆ బాట మీద చోటు లేదు.

బడ్జెట్_బాటసారి
అందరికీ థాంక్స్. వచ్చాక రాస్తా.

ఎత్తులంటే_భయం
అందరూ అలాగే అంటారు, ఎవరూ రాయరు.

బడ్జెట్_బాటసారి
ఎత్తులంటే_భయం గారి కోసమే రాస్తున్నా. తిరిగొచ్చి వారమైంది.

పాత ఊరు ముందు. అమ్మకి ఇంటి దగ్గర ఐదింటికి లేచే అలవాటు. మన ఐదంటే అక్కడ ఏడున్నర. అలారం లేకుండానే, డాక్టర్ గారు చెప్పిన టైముకి కాస్త అటుగా బయటపడ్డాం. రాళ్ళు తడిగా ఉన్నాయి, రంగు రంగుల గులకల్ని నున్నగా కోసి పరిచినట్టు. కాలవలో నాచు దువ్వినట్టు ఒకే వైపుకి వాలి ఉంది. కొట్ల తలుపులన్నీ మూసి, వాటి మీద మూడు లిపులు: చైనీస్, ఇంగ్లిష్, మూడోది నాషీ వాళ్ళ దోంగ్బా బొమ్మల రాత. అమ్మ ఒక్కో బోర్డు దగ్గర ఆగి "ఇది చేప, ఇది మేక, ఇదేదో దణ్ణం పెడుతున్న మనిషి" అని చదువుకుంటూ వచ్చింది. తొమ్మిదిన్నరకి మొదటి డోలు మోగింది. మొగిలిపూలు గారూ, అదే పాట అయ్యుంటుంది. మేం వెంటనే బైషా బస్సెక్కేశాం.

గండి. అమ్మ వ్యాన్‌లో వెళ్ళింది. మేమిద్దరం నడిచాం. నాషీ ఇంటి దగ్గర నూడుల్స్ తిని లేచేసరికి ఒకతను కంచరగాడిదతో వెనక పడ్డాడు. మెడలో గంట. నేను ఆగితే గంట ఆగేది, నడిస్తే మోగేది. ముప్పావు గంట అలా వచ్చాడు. నా ఆయాసమే అతనికి బోణీ. పందొమ్మిదో మలుపులో ఓడిపోయాను. మా ఆవిడ నడిచి ఎక్కింది, నేను గాడిద మీద ఎక్కాను. ఇది మా ఇంట్లో ఇంకో ఇరవై ఏళ్ళు వింటాను.

పైకి వెళ్ళాక ఫొటోలు తీద్దామని ఫోన్ తీశా, ఏదీ పట్టలేదు. ఎదురుగా యూలాంగ్ గోడలాగా లేచి ఉంది, ఒక్క చెట్టు లేని బూడిదరంగు రాయి. కిందకి చూస్తే నది దారప్పోగులా కనిపిస్తుంది, హోరు మాత్రం చెవి పక్కనే ఉన్నట్టుంటుంది. చూపుకి దూరంగా, చెవికి దగ్గరగా.

ఐదున్నరకి హాఫ్‌వే చేరాం. అమ్మ కోసం గదంతా వెతికాం, లేదు. వెనక పెరట్లో అక్కడి ఆడవాళ్ళతో పాటు పీట మీద కూర్చుని మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. వాళ్ళ భాష ఈవిడకి రాదు, ఈవిడ తెలుగు వాళ్ళకి రాదు. "వీళ్ళకి కంకిని కంకితో రాయడం తెలుసురా" అంది నన్ను చూడగానే, పొద్దుటి నుంచి అదొక్కటే జరిగినట్టు.

మర్నాడు జలపాతం. బాట మీద అడుగు లోతు లేదు నీళ్ళు, కానీ రాయి నాచు పట్టి ఉంది, అవతల గాలి తప్ప ఏమీ లేదు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. రెండడుగులు వేశాక ఆగి, "నువ్వు వణుకుతుంటే నాకు బ్యాలెన్స్ పోతోంది, వదులు" అంది. వదిలేశా. గోడ పక్కన చెయ్యి ఆనించుకుంటూ తనే దాటింది. టీనా దగ్గరి దిగుడు మాత్రం ఆవిడ మోకాళ్ళకి కష్టమైంది, కర్రతో మెల్లగా గంట ఎక్కువ పట్టింది. నదిలోకి దిగే నిచ్చెనల జోలికి పోలేదు. అరవై దాటినవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు దిగుడుకి కర్ర తప్పక పెట్టుకోండి, ఎక్కుడు కంటే అదే బాధపెడుతుంది.

లెక్కలమాస్టారు
28లో 19 నడిచారు. నూటికి 68. ఫస్ట్ క్లాస్.

పెన్నా_తీరం
గండికోటలో గాడిదలుండవు. మళ్ళీ చెప్తున్నా.

ఎత్తులంటే_భయం
మాట నిలబెట్టుకున్నారు. హాఫ్‌వే టాయిలెట్ ప్రపంచంలోకెల్లా మంచి వ్యూ ఉన్నదని ఎక్కడో చదివా, నిజమా?

బడ్జెట్_బాటసారి
నిజమే. కిటికీలోంచి మంచుకొండ కనిపిస్తుంది. మా ఆవిడ ఎంతకీ బయటికి రాకపోతే పడిపోయిందేమో అనుకున్నా.

వంకాయ_వేపుడు
అమ్మగారు ఆ శనగ జెల్లీ తిన్నారా?

బడ్జెట్_బాటసారి
తిని ఊరుకుంటే ఆవిడ మా అమ్మ ఎలా అవుతుంది? ఇంటికొచ్చాక రెండు సార్లు చేసింది. మొదటిసారి శనగపిండితో చేస్తే పచ్చి వాసన, ముద్ద కట్టలేదు. రెండోసారి శనగలు రాత్రంతా నానబోసి, రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టి, ఆ నీళ్ళని సన్న సెగ మీద గరిటె ఆపకుండా తిప్పింది. గిన్నెలో కదలకుండా నిలబడింది. రంగు పసుపు వచ్చింది, అక్కడిలా బూడిదరంగు రాలేదు. పలకలు కోసి పెనం మీద కాల్చి, మీద మా ఇంటి ఎండుమిర్చి కారం చల్లింది. అక్కడి దానికంటే బాగుంది, కానీ ఆ మాట లిజియాంగ్ వాళ్ళకి చెప్పొద్దు.

కొత్తగా_వచ్చా
థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మేం నలుగురం మే 1 నుంచి 5 వరకు లిజియాంగ్, గండి ప్లాన్ చేస్తున్నాం. రెండు రోజులు సరిపోతుందా?

సింగపూర్_సుబ్బు
టికెట్లు కొట్టేశారా?